ఆ పియానోని కాస్త పక్కకి జరపండి

జగద్విఖ్యాత పియానిస్టుల మీద వచ్చే ఆంతరంగిక డాక్యుమెంటరీలంటే నాకు అపారమైన భక్తి. దొరికినదాన్నల్లా చూస్తాను. మహావిద్వాంసురాలు కాఫీ కలుపుకోవడం, కళ్లజోడు వెతుక్కోవడం, రైలు కిటికీలోంచి ఎటో చూస్తూ ఉండిపోవడం, వేదికెక్కే ముందు "ఈ రోజు నావల్ల కాదు" అని గొణగడం. చూస్తున్నంతసేపూ కడుపు నిండిపోతుంది. ఉన్న బాధల్లా ఒక్కటే. మధ్యమధ్యలో సంగీతం వచ్చి పడుతుంది.

ఈ బెడదను దర్శకులు చాలావరకు అదుపులో పెట్టారు, కాదనను. రఖ్మనినోవ్ మూడో కాన్సర్టో (పియానోకీ ఆర్కెస్ట్రాకీ కలిపి రాసిన పెద్ద రచన) వాయించాలంటే దాదాపు 40 నిమిషాలు పడుతుంది. చేయి తిరిగిన ఎడిటర్ దాన్ని ఆఖరి ఇరవై సెకన్లకు దించి, వెనకాలే చప్పట్లు అతికిస్తాడు. స్వరకర్త షోపెన్ ముందుచూపున్నవాడు. ఆయన 28వ ఓపస్ (రచనల వరుస సంఖ్య) కింద రాసిన 24 ప్రెల్యూడ్లనే చిన్న రచనల్లో ఏడోది మొత్తం 16 బార్లే (బారంటే తాళంలో ఒక ఆవర్తం లాంటిది), నిమిషం కూడా పట్టదు. అయినా మనవాళ్లు దాన్నీ సగానికి కోసి, ఉన్న సగం మీద పియానిస్టు చిన్ననాటి ఫొటో, ఆ ఫొటో మీద ఇప్పటి గొంతు వేస్తారు. ఇంత క్రమశిక్షణ ఉన్న రంగంలో ఆ మిగిలిన ఎనిమిది బార్లు మాత్రం ఎందుకని నా ప్రశ్న.

అసలు ఆంతరంగికత అంటే ఏమిటో ముందు తేల్చుకోవాలి. మనిషి నిజస్వరూపం వంటింట్లో ఉంటుంది, చెప్పుల్లేని పాదాల్లో ఉంటుంది, సర్దని పక్క మీద ఉంటుంది. అరవై డెబ్బై ఏళ్లుగా ఆవిడ రోజూ గంటల తరబడి ఎక్కడ కూర్చుందో అక్కడ మాత్రం ఉండదు. ఈ సూత్రం మీదే ఈ కళ మొత్తం నిలబడింది.

పియానిస్టు మార్తా ఆర్గెరిచ్‌నే తీసుకోండి. 1941లో బ్యూనస్ ఎయిరిస్‌లో పుట్టింది. 1957లో, పదహారేళ్లకే, బొల్జానోలోనూ జెనీవాలోనూ వారాల తేడాతో రెండు పెద్ద పోటీలు గెలిచింది. 1965లో వార్సాలో షోపెన్ పోటీ గెలిచింది. ఇంటర్వ్యూలంటే ఆమడ దూరం. కచేరీలు రద్దు చేయడంలో ఎంత పేరో, వాయించడంలోనూ అంత పేరు. 1980ల నుంచి వేదిక మీద ఒంటరిగా వాయించడం దాదాపు మానేసి, తోటి వాద్యకారులతోనో ఆర్కెస్ట్రాతోనో కలిసి వాయిస్తూ వచ్చింది. ఇలాంటి మనిషి నుంచి నాలుగు ముక్కలు రాబట్టలేక విలేకరులు దశాబ్దాల పాటు అలిసిపోయారు. 2012లో ఆ పని కూతురు స్టెఫనీ చేసింది, తనే కెమెరా పట్టుకుని తల్లి మీద సినిమా తీసి. ఎంత తేలికైన ఉపాయం! విలేకరి వస్తే తలుపు వేసుకోవచ్చు. కూతురి దగ్గర తాళంచెవి ఉంటుంది. (సినిమా బాగుంటుంది కూడా. నా వాదానికి అదే పెద్ద చిక్కు, అందుకే దాని జోలికి ఎక్కువ పోను.) ఇకమీదట అంతర్జాతీయ పోటీల నిబంధనల్లో ఒకటి చేర్చాలని మనవి చేస్తున్నాను: విజేతలు తమ సంతానంలో కనీసం ఒకరికి కెమెరా నేర్పించి తీరాలి.

1980 షోపెన్ పోటీలో ఇవో పొగొరెలిచ్ అనే కుర్ర పియానిస్టును తుదిపోరుకు పంపలేదన్న కోపంతో ఆర్గెరిచ్ న్యాయనిర్ణేతల మండలి నుంచి లేచి వెళ్లిపోయింది. అయితే అది ఆ కుర్రవాడు ఎలా వాయించాడన్న దాని మీద జరిగిన గొడవ, కాబట్టి ఆంతరంగికం కింద రాదు. వెళ్తూ వెళ్తూ కోటు మరిచిపోయి ఉంటే వచ్చేది.

ఈ లెక్కన కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ మనకు దేవుడిచ్చిన వరం. ఎండల్లోనూ ఓవర్‌కోటు, చేతులకు గ్లవ్స్, కుర్చీ కాళ్లు కోసి తండ్రి తయారుచేసిన పొట్టి ఆసనం. ఆ కుర్చీ గురించి నేను గంటన్నర మాట్లాడగలను. దాని మీద కూర్చుని ఆయన ఏం వాయించాడని అడిగితే మాత్రం బాఖ్ అని చెప్పి ఊరుకుంటాను. 1964లో, 31 ఏళ్లకే, కచేరీలకు దండం పెట్టి స్టూడియోలో దూరాడు. దానికి ఆయన చెప్పుకున్న కారణాలన్నీ మళ్లీ సంగీతం గురించే, కాబట్టి వదిలేద్దాం. అయితే 1959లో కెనడా జాతీయ ఫిల్మ్ బోర్డు వాళ్లు సరస్సు పక్కన ఆయన ఇంట్లో కెమెరా పెట్టి ఒక ఘోరం చేశారు. గూల్డ్ డ్రెస్సింగ్ గౌనులో బాఖ్ పార్టిటా (నాట్యగతుల వరుసగా సాగే రచన) సాధన చేస్తుంటాడు. ఉన్నట్టుండి లేచి కిటికీ దగ్గరికి నడుస్తాడు. నా ప్రాణం లేచొచ్చింది: పియానో వదిలాడు, ఇక జీవితం గురించి ఏదో చెప్తాడు! తీరా చూస్తే గొంతులో ఇంకా అదే బాఖ్ నడుస్తోంది. పాడుకుంటూ కిటికీ బయటికి చూసి, వెనక్కొచ్చి, మళ్లీ మీటల మీద అందుకుంటాడు. కిటికీ దగ్గరా వదలకపోతే ఎలా అండీ?

మరో పియానిస్టు హొరొవిట్స్ ఎంతో నయం. 1925లో వదిలి వెళ్లిన దేశానికి 1986లో తిరిగొచ్చి మాస్కోలో వాయించాడు. న్యూయార్క్ ఇంట్లోని సొంత స్టైన్‌వే పియానో వెంట వచ్చింది, ఆయన తినే చేప కూడా తాజాగా విమానంలో వచ్చింది. పియానో సంగతి సాంకేతిక వివరం. చేప ఆంతరంగికం.

ఈ పియానిస్టులందరిలోకీ కఠినుడు స్వియాతొస్లావ్ రిక్టర్. షూబర్ట్ చివరి సొనాటా (పలు భాగాలుగా సాగే పెద్ద పియానో రచన) మొదలుపెడితే మొదటి భాగానికే 24 నిమిషాల దాకా తీసుకుంటాడు. ఏ నిర్మాత భరించగలడు? అది చాలదన్నట్టు, ముసలితనంలో హాల్లో దీపాలన్నీ ఆర్పించి, స్వరలిపి కాగితాల మీద మాత్రం ఒక చిన్న దీపం పెట్టుకుని వాయించేవాడు. జనం తన ముఖాన్నీ చేతులనూ చూడటం మాని వినాలట. కెమెరా పట్ల ఇంత క్రూరత్వం చరిత్రలో మరెక్కడా లేదు.

ఇక సాధన. కొందరు ఛాందసులు ఇదే అసలైన ఆంతరంగికత అంటారు. ఏముంది అందులో? రెండు బార్లు. ఎడమచేయి ఒక్కటే. నెమ్మదిగా, మళ్లీ నెమ్మదిగా, మళ్లీ. నాలుగో వేలు బలహీనంగా పడుతోందని మూడో వేలు పెట్టి చూడటం, అలా చేస్తే పై స్వరం దగ్గర చేయి ఇరుక్కుంటోందని మళ్లీ నాలుగుకు రావడం. పెడల్ సగం తొక్కడం, పావు తొక్కడం. గంట గడిచేసరికి ఎడిటర్ కళ్లు తిరిగి పడిపోతాడు. తన చెవిలో ఉన్నదానికీ, చేతిలోంచి వచ్చినదానికీ మధ్య ఉన్న తేడాతో ఒక మనిషి ఎవరితోనూ మాట్లాడకుండా కుస్తీ పడుతూ ఉంటుంది, అంతే. అందులో కథ లేదు, కన్నీళ్లు లేవు. తలుపవతల ఐదేళ్ల పాప కూర్చుని అమ్మ ఎప్పుడొస్తుందా అని చూస్తుంటుంది చూడండి, కథ అక్కడుంది. కాబట్టి కెమెరా ఎప్పుడూ తలుపుకి అవతలివైపే ఉండాలి. ఇది మా వర్గం మూలసిద్ధాంతం.

అందుచేత నా తుది ప్రతిపాదన: ఇక మీదట వచ్చే ఆంతరంగిక చిత్రాల్లో పియానో ధ్వనిని పూర్తిగా తీసేయాలి. వాద్యాన్ని పూర్తిగా బహిష్కరించమని అనను. కాఫీ కప్పు పెట్టుకోవడానికి, పిల్లి పడుకోవడానికి, పాత ఫొటోలు నిలబెట్టుకోవడానికి ఎలాగూ ఏదో ఒక బల్ల కావాలి. చప్పట్లు మాత్రం ఒక్క సెకను కూడా తగ్గించకూడదు. ఆవిడ అద్భుతంగా వాయించిందని మనకు తెలియడానికి మరో దారి లేదు కదా.