ఎక్కువ ఓట్లొచ్చినోడు ఓడిపోడమేటి?

నవంబరులో అధ్యక్ష ఎన్నిక ఫలితాలు వస్తున్న రాత్రి, అమెరికాలో ఉన్న మనకు టెక్కలి నుంచో చీపురుపల్లి నుంచో ఫోను వస్తే, అవతలివాళ్లు అడిగేది ఇదే: "ఎక్కువ ఓట్లొచ్చినోడు ఓడిపోడమేటి?" "ఇక్కడ పద్ధతి అంతే" అని మనం దాటేస్తాం. నిజానికి పరోక్ష ఎన్నిక సిక్కోలు వాళ్లకు కొత్తేమీ కాదు. సర్పంచికి ఊరంతా ఓటేస్తుంది. మండలాధ్యక్షుణ్ణి మాత్రం ఎంపీటీసీలు చేతులెత్తి ఎన్నుకుంటారు. పాత శ్రీకాకుళం జిల్లాలో 38 మండలాలు, మండలానికో జడ్పీటీసీ. అందరూ హాజరైనా 20 చేతులు లేస్తే చాలు, జడ్పీ ఛైర్మన్ గిరీ ఖాయం. క్యాంపులు పుట్టింది అందుకే. గెలిచిన సభ్యులను బస్సెక్కించి ఎటో తీసుకుపోయి, ఎన్నిక రోజు పొద్దున్న తిన్నగా ఆఫీసు గుమ్మం ముందు దించుతారు. ఓటేసేవాళ్లు ఎంత తక్కువైతే ఒక్కో చేతికి అంత గిరాకీ.

అమెరికాలో జనం ఓట్లతో ప్రతి రాష్ట్రానికీ కొందరు ఎలక్టర్లు ఖాయమవుతారు, అధ్యక్షుణ్ణి ఎన్నుకునేది వాళ్లే. ఆ ఎలక్టర్లకు క్యాంపు అక్కర్లేదు, వాళ్లు ఎంచుకునేది ఏమీ లేదు గనక. 538 మందీ డిసెంబరులో ఎవరి రాష్ట్రంలో వాళ్లు సమావేశమై, ముందే ఖాయమైన పేరుకు ఓటేస్తారు. మాట తప్పినవాళ్లను రాష్ట్రం శిక్షించవచ్చని, తప్పించవచ్చని 2020లో అమెరికా సుప్రీంకోర్టు తేల్చేసింది. మధ్యవర్తి పని పోయింది, తక్కెడ ఒక్కటే మిగిలింది. ఆ తక్కెడలోనే తేడా ఉంది. 2020 జనాభా లెక్కల ప్రకారం వయోమింగ్‌లో సుమారు 1.92 లక్షల మందికి ఒక ఎలక్టరైతే, కాలిఫోర్నియాలో 7.32 లక్షల మందికి ఒకరు.

అందరూ ఈ తేడానే తిడతారు గానీ, మా లెక్కలో అంతకంటే పెద్ద దోషం వేరే ఉంది. 48 రాష్ట్రాల్లో ఒక్క ఓటు ఎక్కువొచ్చినా ఎలక్టర్లందరూ గెలిచినవాళ్లకే. 2000లో ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాకు 25 మంది ఎలక్టర్లూ ఒకవైపే పోయారు. 2020 ఇంకా చిత్రం. బైడెన్‌కు వచ్చిన ఆధిక్యం జార్జియాలో 11,779, అరిజోనాలో 10,457, విస్కాన్సిన్‌లో 20,682: మూడు చోట్లా కలిపి తేడా 42,918. దేశం మొత్తం మీద ఆధిక్యం చూస్తే 70 లక్షలు. ఆ మూడు రాష్ట్రాలూ ట్రంప్ వైపు తిరిగి ఉంటే ఎలక్టర్లు 269–269. అప్పుడు తేల్చేది ప్రతినిధుల సభ, అదీ రాష్ట్రానికి ఒక్క ఓటు చొప్పున. కాలిఫోర్నియాకూ ఒకటే, వయోమింగ్‌కూ ఒకటే.

ఇప్పుడు మన రాష్ట్రపతి ఎన్నిక చూడండి. 1971 నాటి రాష్ట్ర జనాభాను 175 మంది ఎమ్మెల్యేలతో, ఆపైన వెయ్యితో భాగిస్తే మన ఎమ్మెల్యే ఓటు విలువ 159. పాత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల 19 మందికీ కలిపి 3,021. ఉత్తరప్రదేశ్‌లో ఒక్కో ఓటు 208, సిక్కింలో 7. జనాభా లెక్క 1971 దగ్గరే ఆగిపోవడం వేరే గొడవ. తూకం మాత్రం జనాన్ని బట్టే. విప్ లేదు, ఓటు రహస్యం. బ్యాలెట్ మీద గుర్తులుండవు, పేర్ల ఎదుట 1, 2, 3 అని ప్రాధాన్యం రాయాలి.

ఆ అంకెల మహిమ తెలియాలంటే 1969కి వెళ్లాలి. పోటీ ప్రధానంగా వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి, సి.డి. దేశ్‌ముఖ్ మధ్య. గిరి 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు గెలిచి, 1957లో పార్వతీపురంలో ఓడినవారు. గెలవడానికి కావలసింది 4,18,169. తొలి లెక్కలో గిరికి 4,01,515, రెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికీ సగం దాటలేదు. అడుగున ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే తప్పిస్తూ, వాళ్ల ఓట్లను తర్వాతి ప్రాధాన్యం ఉన్నవారికి మార్చారు. చివరికి గిరి 4,20,077, రెడ్డి 4,05,427. ముగ్గురి పోటీలో ఓట్లు చీలినా, సగం దాటినవారే గెలిచారు.

రాష్ట్రపతి మంత్రిమండలి సలహా మేరకు నడుచుకోవాలి. కోట్ల ఓట్లతో నేరుగా గెలిపిస్తే ప్రధానికి పోటీ కుర్చీ వేసినట్టే. కాబట్టి అక్కడ పరోక్ష ఎన్నికకు అర్థం ఉంది. అమెరికా అధ్యక్షుడు ప్రభుత్వాన్ని తానే నడుపుతాడు. అతనికీ జనానికీ మధ్య 538 మంది దేనికి?

అమెరికా రాజ్యాంగం మార్చాలంటే రెండు సభల్లో మూడింట రెండొంతులు, 38 రాష్ట్రాల ఆమోదం కావాలి. 1969లో గిరి రాష్ట్రపతిగా ప్రమాణం చేసిన మరుసటి నెలే అక్కడి ప్రతినిధుల సభ అధ్యక్షుణ్ణి నేరుగా ఎన్నుకునే సవరణను భారీ మెజారిటీతో ఆమోదించింది. 1970లో సెనేట్ సాగదీసి చంపేసింది. రాష్ట్రాల ఒప్పందం ఇంకో దారి. చేరిన రాష్ట్రాలు తమ ఎలక్టర్లందరినీ దేశం మొత్తం మీద ఎక్కువ ఓట్లొచ్చినవారికే ఇస్తాయి. కాకపోతే చేరిన రాష్ట్రాల ఎలక్టర్లు 538లో సగం దాటి 270 నిండాకే అది అమల్లోకి వస్తుంది. 2024లో మెయిన్ రాష్ట్రం చేరాక లెక్క 209కి చేరింది.

ఈ ఒప్పందానికీ రెండు చిల్లులున్నాయి. తేడా బాగా తక్కువైతే దేశమంతా తిరిగి లెక్కించే చట్టం లేదు, ఏ రాష్ట్రం నిబంధన దానిదే. నలుగురు పోటీపడితే 35 శాతంతోనూ గెలవొచ్చు. పోనీ ఎలక్టర్లను ప్రతినిధుల సభ నియోజకవర్గాల వారీగా పంచుదామా? వాటి హద్దులు గీసేది చాలాచోట్ల పార్టీలే, అది ఇంకా అధ్వాన్నం.

రెండో చిల్లుకు మందు 1969 బ్యాలెట్‌లోనే ఉంది. 1, 2, 3 రాసే పద్ధతిని మెయిన్ 2020 నుంచి అధ్యక్ష ఎన్నికల్లోనూ వాడుతోంది. మనవాళ్లు ఎక్కువగా ఉండే న్యూజెర్సీ 2008లోనే ఒప్పందంలో చేరింది, టెక్సాస్, జార్జియా చేరలేదు. మన తెలుగు సంఘం దసరా వేదిక మీదకు ఇక్కడి రాష్ట్ర శాసనసభ్యుణ్ణి పిలిచి శాలువా కప్పినప్పుడు, ఒప్పందం మాట, అంకెల బ్యాలెట్ మాట రెండూ అడగాలి. చేరిన రాష్ట్రమైతే రెండోది ఒక్కటే చాలు.