ముందు మగాడి రిపోర్టు ఏదీ?

అమెరికాలో ఉంటున్న శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ల మన సంఘం వాట్సాప్ గ్రూపులో ఈమధ్య ఒక కొత్త రకం విన్నపం ఎక్కువైంది. గుండె ఆపరేషన్‌కో, ఇంజినీరింగ్ ఫీజుకో చందాలు అడగడం మనకు అలవాటే. ఇప్పుడు “మా చిన్నాన్న కొడుక్కి పెళ్లై ఆరేళ్లయింది, పిల్లల్లేరు, విశాఖలో ఐవీఎఫ్ చేయిస్తున్నారు, లక్షన్నర తక్కువ పడింది, తలా కాస్త సర్దుతారా” అని వస్తోంది. (ఐవీఎఫ్ అంటే గుడ్డునూ వీర్యకణాన్నీ బయట కలిపి, ఆ పిండాన్ని గర్భంలో పెట్టే వైద్యం.) సర్దుతున్నాం. నేనూ పంపాను, ఇక ముందూ పంపుతాను. కానీ డబ్బు పంపే ముందు ఒక కాగితం అడిగి తీరాలన్నది నా వాదన. ఆ కాగితం భర్త వీర్య పరీక్ష రిపోర్టు. సిగ్గుపడాల్సిన సంగతి కాదు గనక పత్రికలోనే రాస్తున్నాను.

కిందటి వేసవిలో టెక్కలి దగ్గర మా ఊరు వెళ్లినప్పుడు వరసకు మరదలయ్యే అమ్మాయి తన ఫైలు తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అమెరికా నుంచి వచ్చిన ప్రతివాళ్లూ సగం డాక్టర్లేనని మా ఊళ్లో గట్టి నమ్మకం. నేను చేసేది డేటాబేస్ ఉద్యోగం. అయినా తిరగేశాను. థైరాయిడ్, గుడ్ల నిల్వ చెప్పే ఏఎంహెచ్, నెలనెలా గుడ్డు ఎంత పెరిగిందో చూసిన స్కాన్లు, గర్భాశయం ట్యూబుల్లోకి రంగు పంపి తీసిన ఎక్స్‌రే, చివరికి కడుపుకు రంధ్రం పెట్టి చేసిన లాపరోస్కోపీ కూడా ఉంది. అంత లావు ఫైల్లో భర్త పేరు ఒక్కచోటే ఉంది, ‘కేరాఫ్’ దగ్గర. అతని పరీక్షలేవని అడిగాను. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ అడ్డపొగ చుట్ట నోట్లోంచి తీసి, “ఆడికేటి పరీచ్చలే? ఎద్దునాగున్నాడు కదేటి” అంది. మరదలు నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, “నానడిగితే ఊరుకోరు వదినా, నువ్వడుగు” అంది.

అడిగాను. మర్నాడు శ్రీకాకుళం వెళ్లి పరీక్ష చేయించుకున్నాడు. ఏమొచ్చిందో రాయను, అది వాళ్లింటి సంగతి. లాపరోస్కోపీ దాకా వెళ్లిన ఇంట్లో కొన్ని వందల రూపాయల పరీక్ష అన్నాళ్లూ జరగలేదు. అదొక్కటే ఇక్కడ నాకు కావలసింది.

పిల్లలు పుట్టకపోవడానికి కారణం దాదాపు సగం జంటల్లో మగవాళ్ల వైపు, వాళ్లలో మాత్రమేనో ఇద్దరిలోనూనో, ఉంటుంది. పరీక్షలో బ్రహ్మరహస్యమేమీ లేదు. రెండు నుంచి ఏడు రోజులు వీర్యం పోకుండా ఉండి నమూనా ఇవ్వాలి, గంటలోపు సూక్ష్మదర్శిని కింద చూడాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో తెచ్చిన ఆరో కూర్పు ప్రకారం మిల్లీలీటరుకు 1.6 కోట్ల కణాలు, వాటిలో 42 శాతానికి కదలిక ఉండాలన్నది కింది హద్దు. ఏడాదిలోపు భార్యకు గర్భం వచ్చిన మగవాళ్ల లెక్కలు తీసి, వాళ్లలో అట్టడుగు అయిదు శాతం దగ్గర గీసిన గీత అది. కాబట్టి అంతకంటే తగ్గితే తండ్రి కాలేడనీ కాదు, మించితే ఢోకా లేదనీ కాదు. వీర్యకణం తయారవడానికి రెండున్నర నెలలు పడుతుంది. మొన్న సంక్రాంతికి వచ్చిన జ్వరం మార్చి రిపోర్టులో కనబడొచ్చు. అందుకే ఒకసారి తక్కువొస్తే మళ్లీ చేయించాలంటారు. రక్తం, మూత్రం చూసే చిన్న ల్యాబులో ఏ శిక్షణా లేనివాళ్లు ‘కౌంటు లేదు’ అని రాసిచ్చిన చీటీ పట్టుకుని కాపురాలు కూల్చుకున్నవాళ్లూ ఉన్నారు. పరీక్ష చవకే, చేసే చెయ్యి మాత్రం సరైనదై ఉండాలి.

మగవాడి లోపానికి మందు దొరికిందని వైద్యలోకం సంబరపడిన పద్ధతి ఇక్సీ. 1992లో బ్రస్సెల్స్‌లో జాన్‌పియెరో పలెర్మో బృందం ఒకే ఒక్క వీర్యకణాన్ని సూదితో గుడ్డులోకి ఎక్కించి గర్భాలు సాధించింది. నిజంగా గొప్ప పనే. దాని వల్ల జరిగిన విచిత్రం గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. లోపం మగాడిది, సూదులు ఆడదానికి. పది పన్నెండు రోజులు హార్మోను ఇంజెక్షన్లు, మత్తిచ్చి గుడ్లు తీయడం, ఆ తర్వాత గర్భం నిలబెట్టే ప్రొజెస్టెరాన్, అన్నీ ఆమెకే. ‘ఒక్క కణం దొరికితే చాలు కదా’ అన్న ధీమాతో మగవాణ్ణి పడుకోబెట్టి ఒక్కసారైనా చూసే డాక్టరు తగ్గిపోయాడు. వేరికోసీల్ (బీజకోశం దగ్గర ఉబ్బిన నరాలు) ఉందేమో, హార్మోన్లు తగ్గాయేమో, బీజకోశంలో గడ్డ ఉందేమో ఎవరు చూస్తారు? కొందరిలో లోపం వై క్రోమోజోమ్‌లోనే ఉంటుంది, ఇక్సీతో కొడుకు పుడితే వాడికీ అదే సంక్రమిస్తుంది. హైదరాబాద్‌లోని సీసీఎంబీ అనే జీవశాస్త్ర పరిశోధన సంస్థలో కుమారసామి తంగరాజ్ బృందం ఏళ్ల తరబడి ఈ విషయం మీదే పనిచేసి, 2022లో పురుష వంధ్యత్వంతో ముడిపడ్డ ఎనిమిది కొత్త జన్యువులను బయటపెట్టింది. మన భాష మాట్లాడే నగరంలో అంత పని జరుగుతోంది, టెక్కలి ఫైల్లో మొదటి కాగితమే లేదు.

మన రెండు జిల్లాలకే ప్రత్యేకమైన సంగతి ఇంకొకటి ఉంది. ఏడాది పాటు కలిసి ఉండి, ఏ జాగ్రత్తలూ వాడకపోయినా గర్భం రాకపోతేనే వైద్యులు దాన్ని వంధ్యత్వం అంటారు. ‘కలిసి ఉండి’ అన్న మాట దగ్గరే మనవాళ్ల లెక్క తప్పుతోంది. ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం, పూసపాటిరేగ మండలం చింతపల్లి లాంటి ఊళ్ల మగవాళ్లు ఆగస్టులో గుజరాత్‌లోని వెరావల్‌కు బోట్ల మీదికి పోతారు, వేట నిషేధం పెట్టాక వేసవి చివర్లో గానీ ఇంటికి రారు. 2018 చివర్లో పాకిస్తాన్‌కు చిక్కి 2020 జనవరిలో విడుదలైన మత్స్యకారులు వీళ్లే. హైదరాబాద్, చెన్నై భవన నిర్మాణాల్లో ఉన్నవాళ్లదీ, గల్ఫ్‌లో ఉన్నవాళ్లదీ ఇంచుమించు ఇదే బతుకు. పెళ్లై నాలుగేళ్లయిందంటారు, కలిపి లెక్కేస్తే కాపురం ఏడెనిమిది నెలలు ఉంటుందో లేదో. నెలలో గర్భం నిలిచే రోజులు ఆరే. భర్త బోటు మీద ఉన్నప్పుడు ఆ ఆరు రోజులూ వచ్చిపోతాయి. ఆ పిల్లకు జబ్బూ లేదు, అతనికీ లేదు, ఉన్నది వలస. దాన్ని అడిగి రాసుకునే గడి ఏ ఆసుపత్రి ఫారంలోనూ నేను చూడలేదు. తిన్నగా ఐవీఎఫ్ ప్యాకేజీ చేతిలో పెడుతున్నారు.

క్షయ సంగతి కూడా చెప్పాలి. ఊపిరితిత్తుల టీబీ అందరికీ తెలుసు. గర్భాశయానికీ, ట్యూబులకూ వచ్చే టీబీ దగ్గు లేకుండా, జ్వరం లేకుండా చాటుగా ట్యూబులు మూసేస్తుంది. మన దేశంలో ట్యూబులు పాడవడానికి అదొక ముఖ్య కారణం. మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. ట్యూబులు పూర్తిగా పాడైపోయాక మాత్రం ఐవీఎఫే దారి. అసలు ఐవీఎఫ్ పుట్టిందే మూసుకుపోయిన ట్యూబుల కోసం. 1978 జూలై 25న ఇంగ్లండ్‌లోని ఓల్డమ్‌లో పుట్టిన లూయీస్ బ్రౌన్ తల్లి సమస్య అదే. రాబర్ట్ ఎడ్వర్డ్స్, పాట్రిక్ స్టెప్టో, జీన్ పర్డీ ముగ్గురూ దశాబ్దం కష్టపడితే సాధ్యమైంది. 2010లో నోబెల్ ఎడ్వర్డ్స్ ఒక్కరికే వచ్చింది, మిగిలిన ఇద్దరూ అప్పటికే పోయారు.

లూయీస్ పుట్టిన 1978లోనే అక్టోబరు 3న కలకత్తాలో డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ చేతుల మీద ప్రపంచంలో రెండో టెస్ట్‌ట్యూబ్ బిడ్డ పుట్టింది. ఓల్డమ్ వాళ్లు లూయీస్ విషయంలో చేయని పని ఆయన చేశారు. ఇంజెక్షన్లతో ఎక్కువ గుడ్లు పండించి, పిండాన్ని గడ్డకట్టించి దాచి, తర్వాత ప్రవేశపెట్టారు. ఇవాళ ప్రతి సెంటర్లోనూ జరిగేది అదే. ప్రభుత్వం వేసిన కమిటీ మాత్రం నమ్మలేదు, ఎగతాళి చేసింది. జపాన్ వెళ్లి చెబుతానంటే అనుమతి ఇవ్వలేదు, చివరికి కంటి ఆసుపత్రికి బదిలీ చేశారు. 1981 జూన్ 19న ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. దేశంలో తొలి టెస్ట్‌ట్యూబ్ బిడ్డ 1986లో బొంబాయిలో తమ చేతుల మీద పుట్టిందన్న పేరున్న శాస్త్రవేత్త టి.సి.ఆనంద్‌కుమార్, ఆ తర్వాత ముఖోపాధ్యాయ్ చేతిరాత నోట్సు చదివి, “మొదటి ఘనత నాది కాదు, ఆయనది” అన్న అర్థం వచ్చేలా 1997లో రాశారు. ఆ నోట్సు 1978లోనూ ఉన్నాయి. చదివే ఓపిక ఉన్నవాడు దొరకడానికి అన్నేళ్లు పట్టింది.

కాగితం అడగని అలవాటు మనకు ఇంకా పోలేదు. ఇక్కడ అమెరికాలో 1992 నాటి చట్టం ప్రకారం క్లినిక్కులు తమ ఫలితాలు ప్రభుత్వ ప్రజారోగ్య సంస్థ సీడీసీకి చెప్పాలి, ఆ పట్టికలు ఎవరైనా చూడొచ్చు. (2025 ఏప్రిల్‌లో ఆ పని చూసే బృందాన్నే ఇంటికి పంపారు, అది వేరే ఏడుపు.) మన దేశంలో 2021లో చట్టం వచ్చింది, రిజిస్ట్రేషన్ తప్పనిసరి అయింది, అండదాత జీవితంలో ఒక్కసారే ఇవ్వాలన్న నియమమూ వచ్చింది. మామూలు మనిషి చూసుకునేలా క్లినిక్ వారీ ఫలితాలు మాత్రం రాలేదు. అందుకే హోర్డింగులు ఏ అంకె పడితే ఆ అంకె చెబుతాయి. దేంట్లో అంత శాతం? గర్భపరీక్ష పాజిటివ్ వచ్చినవాళ్లలోనా, బిడ్డను ఇంటికి తీసుకెళ్లినవాళ్లలోనా? బ్రిటన్ లెక్కల్లో ముప్పై అయిదు లోపు స్త్రీకి కూడా ఒక పిండం పెడితే బిడ్డ పుట్టేది దాదాపు మూడింట ఒక వంతు సార్లే. నలభై మూడు దాటాక సొంత గుడ్డుతో అయితే అయిదు శాతం చుట్టుపక్కల. 2019లో గుంటూరులో డెబ్బై దాటిన మహిళకు కవలలు పుట్టిన వార్త చూసి ‘వయసుతో పనేముంది’ అనుకునేవాళ్లకు, ఆ గుడ్డు ఆమెది కాదని ఎవరూ చెప్పరు.

బిల్లులో కలిపే అదనపు హంగులదీ అంతే. గర్భాశయం లోపలి పొరను గీరితే పిండం బాగా అతుక్కుంటుందని చాలాకాలం చేశారు. 1,300 మందికి పైగా స్త్రీల మీద జరిపిన పరీక్ష 2019లో వెలువడింది. గీరినా గీరకపోయినా బిడ్డలు పుట్టిన శాతం ఒక్కటే. మరోవైపు పీసీఓఎస్ (గుడ్డు సరిగా విడుదల కాని హార్మోను సమస్య) ఉన్నవాళ్లకు లెట్రొజోల్ అనే చవక మాత్ర పాత మందుకన్నా మెరుగని 2014లో పెద్ద అధ్యయనం తేల్చింది, మన దేశంలో పిల్లల కోసం దాన్ని వాడటాన్ని 2011లో నిషేధించి, ఆ నిషేధాన్ని 2017లో ఎత్తేశారు. మాత్రకు హోర్డింగు పెట్టేవాడు ఎక్కడా ఉండడు.

ఇప్పుడు మన సంఘం సంగతి. ఏటా సంక్రాంతికి కంటి శిబిరం, పంటి శిబిరం పెడుతున్నాం. ఈసారి ఒక శిబిరం పిల్లల్లేని జంటలకు పెడదాం. షామియానా కింద జరిగేది కాదిది. శ్రీకాకుళంలో, విజయనగరంలో చెరొక ల్యాబు మాట్లాడి, తలుపు గడియ పడే గది ఒకటి చూసి, వీర్య పరీక్షలో శిక్షణ ఉన్న టెక్నీషియన్‌కు జీతం మనం ఇద్దాం. వచ్చిన జంటను మొదట అడగాల్సింది ఏడాదిలో ఎన్ని నెలలు కలిసి ఉంటున్నారని. తర్వాత భర్త పరీక్ష, భార్యకు థైరాయిడ్, అనుమానం ఉంటే టీబీ. ఐవీఎఫ్ చందా అడిగేవాళ్లకు ఈ కాగితాలు ముందు కావాలందాం, అవి చూశాక కూడా అవసరమైతే సంతోషంగా పంపుదాం.

ఒక్క సంగతి కమిటీవాళ్లు గుర్తుంచుకోవాలి. ఈ శిబిరం సంక్రాంతికి పెట్టకూడదు, అప్పటికి చింతపల్లి మగవాళ్లు వెరావల్‌లో ఉంటారు. జూన్ చివర, జూలై మొదటి వారాల్లో పెట్టాలి. మన పిల్లలకు బడి సెలవులూ అప్పుడే.