మిలటరీ పాలన కావాలనే వాళ్లకు

"ఈ దేశం బాగుపడాలంటే ఓ పదేళ్లు మిలటరీ పాలన రావాలి." ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. అలా అనేవాళ్లు అర్జెంటీనా జనరల్ లూసియానో బెంజమిన్ మెనెండెస్ గురించి ఒక్కసారి తెలుసుకోవాలి.

1975 నుంచి 1979 దాకా కోర్డోబా నగరం కేంద్రంగా ఉన్న మూడో సైనిక దళానికి అతనే కమాండర్. పది రాష్ట్రాలు అతని గుప్పిట్లో ఉండేవి. కోర్డోబా శివార్లలోని లా పెర్లా రహస్య నిర్బంధ కేంద్రంలోకి సైన్యం రెండు వేలమందికి పైగా జనాన్ని పట్టుకెళ్లిందని అంచనా. వాళ్లలో చాలామంది ఇల్లు చేరలేదు.

అక్కడే, సైన్యం భూముల్లో లా ఓచోవా అనే ఇల్లుంది. వారాంతాల్లో మెనెండెస్ విశ్రాంతికి వెళ్లేది అక్కడికే. దాని దగ్గరి పాత సున్నపు బట్టీల్లో 2014లో ఎముకలు బయటపడ్డాయి. పరీక్షిస్తే నలుగురు వైద్య విద్యార్థులవని తేలింది. వాళ్లను ఎత్తుకుపోయింది 1975 డిసెంబరులో. సైన్యం గద్దెనెక్కింది 1976 మార్చి 24న. అంటే అప్పటికి ఎన్నికైన ప్రభుత్వమే ఉంది! తీవ్రవాదాన్ని అణచమని సైన్యానికి పగ్గాలు వదిలేసిందీ ఆ ప్రభుత్వమే. "కొన్నాళ్లు సైన్యం చేతికిస్తే తప్పేంటి" అనేవాళ్లు ఈ తేదీలు చూడండి.

ప్రజాస్వామ్యం తిరిగొచ్చాక 1984లో, టీవీ స్టూడియో బయట నిరసనకారులు హంతకుడా అని అరిస్తే, కత్తి దూసి వాళ్ల మీదికి ఉరికాడు. పక్కనున్నవాళ్లు పట్టుకుని ఆపారు. ఆ ఫొటో ఇప్పటికీ ఉంది, చూడండి. అలాంటి మనిషికి విచారణ కూడా జరగకుండానే అధ్యక్షుడు మెనెమ్ క్షమాభిక్ష పెట్టేశాడు. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లులు అతను బజార్లో దర్జాగా తిరుగుతుంటే చూస్తూ బతకాల్సొచ్చింది.

సైనికుల్ని కాపాడిన చట్టాలను 2005లో సుప్రీంకోర్టు కొట్టేశాకే కేసులు కదిలాయి. 2008లో మొదటి యావజ్జీవ శిక్ష పడేనాటికి అతనికి 81 ఏళ్లు. గెలిచిన సైనికుల్నే బోనెక్కించిన మొదటి దేశం అర్జెంటీనాయే అని కోర్టులో దబాయించాడు తప్ప, శవాల్ని ఏం చేశారో చెప్పలేదు. 2018లో చనిపోయేలోపు పదికి పైగా యావజ్జీవాలు పడ్డాయి. ఒక్కదానికీ పశ్చాత్తాపం లేదు.

"ముసలాడైపోయాడు, ఇంకెందుకు కోర్టులు" అన్నవాళ్లు అక్కడా ఉన్నారు. ఆ జాలి నాకు అర్థం కాదు. అతన్ని ముసలాడయ్యేదాకా కాపాడింది ఆ క్షమాభిక్షే కదా! ఆ నలుగురు విద్యార్థులకు ముప్పై ఏళ్లు కూడా నిండనివ్వలేదు.