ఎనిమిది నిమిషాల వైవిధ్యం

గత ఆదివారం బెంగళూరు నడిబొడ్డున, దేశంలోని కళల వైవిధ్యాన్ని చాటేందుకని ఏర్పాటైన సమ్మేళనంలో చిక్కబళ్లాపుర జిల్లా చింతామణి వైపు నుంచి వచ్చిన తెలుగు పద్య నాటక బృందానికి దక్కినవి ఎనిమిది నిమిషాలు. రాయబార ఘట్టంలో శ్రీకృష్ణ పాత్రధారి రెండో పద్యం మూడో పాదంలో ఉండగా మైకు ఆగిపోయింది. హార్మోనియం ఒక్కటే కొన్ని క్షణాలు వినిపించింది. ఆలోపే వ్యాఖ్యాత తరువాతి బృందాన్ని పిలిచారు. కిరీటం, భుజకీర్తులతో ఉన్న ఆ నటుడు సభకు నమస్కరించి తెర వెనక్కి వెళ్లిపోయారు. కార్యక్రమం చివర అన్ని బృందాలవారినీ వేషాలతో వరుసగా నిలబెట్టి అతిథుల పక్కన ఫొటోలు తీయించడానికి మాత్రం అరగంట దొరికింది. దీన్ని నిర్వహణలో దొర్లిన చిన్న పొరపాటుగా సరిపెట్టుకోవడానికి మేము సిద్ధంగా లేము.

ఒకే సాయంత్రం అన్ని భాషల బృందాలను వేదిక ఎక్కించాలంటే గడియారం చూడక తప్పదని నిర్వాహకులు అంటున్నారు. అసలు పిలవకపోవడం కంటే కొద్దిసేపైనా పిలవడం మేలని మరికొందరు సర్దిచెబుతున్నారు. సమయం చాలకపోయి ఉండవచ్చు. కానీ అన్ని బృందాలను ఒకే రోజు పిలవమని వారిని ఎవరూ నిర్బంధించలేదు. ఐదింటిని పిలిచి తలా ఒక గంట ఇచ్చి, మిగిలినవారికి మరో నెలలో మరో సాయంత్రం కేటాయించవచ్చు. ఆహ్వాన పత్రికపై భాషల సంఖ్య తగ్గుతుందన్న బెంగ తప్ప దానికి అడ్డేమీ లేదు. సంఖ్య కోసం కళను ముక్కలు చేసే ఈ పద్ధతిని ఇప్పుడే నిలదీయకపోతే అదే ఆనవాయితీగా స్థిరపడుతుందన్నది మా భయం.

పద్యానికి ఉండేవి నాలుగు పాదాలే. నటుడు రాగం ఎత్తుకొని, పాదం పాదానికీ భావం పలికించి, చివరి ఆలాపనలో హార్మోనిస్టుతో పోటీపడి దిగేసరికి నాలుగైదు నిమిషాలు గడుస్తాయి. జనం వన్స్‌మోర్ అన్నారంటే మళ్లీ మొదటి నుంచీ పాడాలి. కోలారు, చిక్కబళ్లాపుర జిల్లాల్లో, బాగేపల్లి, గౌరిబిదనూరు, శ్రీనివాసపుర, ముళబాగిలు చుట్టుపక్కల పల్లెల్లో ఈ నాటకాలు రాత్రి భోజనాలయ్యాక మొదలై తెల్లవారేదాకా సాగుతాయి. పగలంతా పొలంలో పనిచేసి, రాత్రిళ్లు నెలల తరబడి మేష్టారి దగ్గర పద్యాలు నేర్చుకొని, పాత్రకింత అని సొంత డబ్బు వేసుకొని, సీనరీలు, దుస్తులు బాడుగకు తెచ్చుకొని రైతులు, కూలీలు, చిరు వ్యాపారులు ఆడే నాటకాలివి. బడిలో కన్నడం మాత్రమే చదువుకొన్న కుర్రవాడు తెలుగు పద్యాన్ని కన్నడ లిపిలో రాసుకొని కంఠతా పట్టే సీమ అది. వైవిధ్యం అన్న మాటకు అంతకన్న బతికున్న ఉదాహరణ ఈ నగరానికి వంద కిలోమీటర్ల లోపు మరొకటి దొరకదు.

ఆ కళను ఎనిమిది నిమిషాలకు కుదించడాన్ని ఈ ఏడాది ఒప్పుకొంటే, వచ్చే ఏడాది ఆరు నిమిషాలు చాలంటారు. ఆ తరువాత పద్యమెందుకు, వేషంతో వేదికపై ఒకసారి నడిచి వెళితే సరిపోదా అంటారు. నగరంలో పిలుపు దొరకడమే గగనం గనుక బృందాలు దానికీ తలవంచుతాయి. పిలుపు గొంతుకు కాక కిరీటానికి వస్తుందని తెలిశాక, మేష్టారి దగ్గర ఆరు నెలలు కూర్చొని పద్యం నేర్చుకొనే కుర్రవాడు ఎక్కడ మిగులుతాడు? ఆనవాయితీలంటే మాకు భయం అందుకే. ఇవాళ ఒక నిర్వాహకుడి తొందర రేపటికి ప్రతి వేదిక నియమంగా మారుతుంది.

ఓపికగా కూర్చొని వినడం ఈ నగరానికి తెలియనిది కాదు. 1939 నుంచి సాగుతున్న చామరాజపేట శ్రీరామనవమి సంగీతోత్సవంలో కన్నడిగులు, తమిళులు, తెలుగువారు పక్కపక్కనే కూర్చొని త్యాగరాజ కీర్తనను ఆలాపనతో, నెరవుతో, స్వరకల్పనతో సహా చివరిదాకా వింటారు. పాటలోని తెలుగు అక్కడ ఎవరికీ అడ్డు కాలేదు. చైత్ర పౌర్ణమి రాత్రి ధర్మరాయస్వామి గుడి నుంచి బయలుదేరే కరగ ఊరేగింపు తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర ఆగిన తరువాతే ముందుకు కదులుతుంది. కైవారం తాతయ్యగా పేరొందిన యోగి నారేయణ తెలుగులోనూ కన్నడంలోనూ తత్వాలు చెప్పారు. ఇంట్లో తమిళం మాట్లాడిన మాస్తి, మరాఠీ మాట్లాడిన బేంద్రే కన్నడానికి జ్ఞానపీఠాలు తెచ్చిపెట్టారు. ఇంతటి వారసత్వం ఉన్న ఊళ్లో, కచేరీ వేదిక మీద ఒక్క తెలుగు కీర్తనకు ముప్పావు గంట ఇచ్చే ఊళ్లో, పల్లె నుంచి వచ్చిన రైతు పాడే తెలుగు పద్యానికి నాలుగు నిమిషాలు కరవయ్యాయంటే దానికి కారణం భాష కాదు. పాడేవాడు ఎవరన్నది చూసి సమయం కొలిచారు. వైవిధ్యం పేరుతో జరిగిన సభలో ఈ కొలత చెల్లుబాటు కావడం మాకు మింగుడుపడటం లేదు.

సాంస్కృతిక వ్యక్తీకరణల వైవిధ్యాన్ని కాపాడేందుకు యునెస్కో 2005లో తెచ్చిన ఒడంబడికను మన దేశం 2006లోనే ఆమోదించింది. దాని స్ఫూర్తిని వల్లెవేసే సభల్లో కళాకారులకు అందుతున్నదేమిటి? ఈ బృందానికి దక్కింది ఒక శాలువా, ఒక జ్ఞాపిక. వ్యాను బాడుగ వారే పెట్టుకొన్నారు. ఇకపై ఇలాంటి సభలకు డబ్బిచ్చే ప్రభుత్వ శాఖలు గాని, దాతలు గాని ఎన్ని భాషలు వేదిక ఎక్కాయని అడగడం మానాలి. ఒక్కో బృందం ఎంతసేపు ప్రదర్శించింది, ఎంత పారితోషికం అందుకొంది, దారి ఖర్చులు ఎవరు భరించారు అన్న మూడు ప్రశ్నలకు లెక్క చూపనివారికి మరుసటి ఏడాది పైసా విడుదల చేయకూడదు.

నిర్వాహకులను నిందించి ఊరుకొంటే మన తప్పు దాచుకొన్నట్టే అవుతుంది. ఆ సభ ముందు వరుసలో నగరంలోని తెలుగు సంఘాల పెద్దలు కొందరు కూర్చొని ఉన్నారు. మైకు ఆగినప్పుడు వారిలో ఒక్కరు లేచి, పద్యం పూర్తి కానివ్వండి అని అనలేదు. ఫొటోకు పిలిచినప్పుడు మాత్రం అందరూ వేదిక ఎక్కారు. ఉగాదికి సినీ గాయకులను రప్పించి లక్షలు వెచ్చించే సంఘాలకు, చింతామణి నుంచి ఇరవై మందిని తీసుకువచ్చి ఒక రాత్రంతా నాటకం ఆడించడం భారం కాదు. భాష కోసం గొంతు చించుకొనే పెద్దలు ఆ భాషను కంఠస్థం చేసి బతికిస్తున్న మనిషి ఎదుట నోరు కట్టుకొని కూర్చోవడం సిగ్గుచేటు. వారు ముందుగా చింతామణికి వెళ్లి, ఆ నటుడి ఇంటి గడపలో నిలబడి క్షమాపణ చెప్పుకోవాలి.