ఎస్టీమ్ ఇంజన్ ఎక్కించెయ్యమన్న ప్రతి ఒక్కరికీ

నాన్న 2002లో కొన్న మారుతి జెన్ కారు నా చేతికొచ్చి ఐదేళ్లయింది. ఈ ఐదేళ్లలో నాకొచ్చిన ఉచిత సలహాల్లో సగానికి పైగా ఒకటే, మారుతీదే ఇంకో పెద్ద కారు ఎస్టీమ్ గురించి: "ఆ ఇంజన్ తీసి పారేసి ఎస్టీమ్‌ది ఎక్కించెయ్, రాకెట్టే!" మా బావయితే ప్రతి పండక్కీ గుమ్మంలోనే మొదలెడతాడు. "ఏటిరా, ఇంకా ఆ లీటరు ఇంజనేనా?"

రాకెట్టే, నేను కాదన్లేదు. జెన్‌ది 993 సీసీ, ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే నా ఎంపీఎఫ్‌ఐ బండికి 60 హార్స్‌పవర్. ఎస్టీమ్‌ది 1298 సీసీ, ఎంపీఎఫ్‌ఐ అయితే 85. రెండూ సుజుకీ జీ సిరీస్ ఇంజన్లే, ఒక రకంగా అన్నదమ్ములు. అందుకే మన దేశంలో ఈ మార్పిడికి అంత పేరు. బావ ఎప్పుడో తన జెన్‌కి చేయించేశాడు. ఓ రోజు తెల్లవారుజామున విశాఖలో రుషికొండ దాటాక భీమిలి రోడ్డు మీద ఆ బండి నాకిచ్చాడు. కుడిపక్క సముద్రం, రోడ్డు ఖాళీ, మూడో గేర్లో కాలు అదిమాను. నవ్వాపుకోలేకపోయాను. ఆ నవ్వు గురించి ఇక్కడ అబద్ధం చెప్పను.

కానీ నా గొడవ వేరు. ఇంజన్ మార్చమన్న ఇంతమందిలో ఒక్కరైనా "నీ ఇంజన్‌కి ఏమైంది?" అని అడిగారా?

పోయిన ఏడాది నా బండి మరీ నీరసపడిపోయింది. హనుమంతవాక ఎత్తు ఎక్కాలంటే ఏసీ కట్టెయ్యాల్సిందే. ఓ షాపుకి తీసుకెళ్తే బానెట్ ఎత్తి, చెవి పెట్టి, "ఇంజన్ అయిపోయింది సార్, ఎస్టీమ్‌ది ఉంది, డెబ్బై వేలల్లో చేసేద్దాం" అన్నాడు. ఒక్క స్పానర్ కూడా ముట్టుకోలేదు మహానుభావుడు.

తర్వాత నాన్నకి తెలిసిన పాత మెకానిక్ దగ్గరికి వెళ్లాను. ఆయన ప్లగ్గులు నాలుగూ విప్పి, ఒక్కో సిలిండర్లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటోందో చూపే కంప్రెషన్ గేజ్ పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. మొదటిది 175, రెండోది 170, మూడోది 110, నాలుగోది 170. మూడో రంధ్రంలో చెంచాడు ఇంజనాయిల్ పోసి మళ్లీ కొట్టమన్నాడు. 115. "రింగులు కావు బాబూ, వాల్వు" అన్నాడు. పిస్టన్ చుట్టూ ఉండే రింగులు అరిగుంటే ఆ ఆయిల్ వెళ్లి సందు మూసేసి ప్రెషర్ బాగా పెరగాలట. పెరగలేదంటే గాలి పైనున్న వాల్వు సందులోంచి పోతున్నట్టు. ఇంజన్ పైభాగం, అదే హెడ్, విప్పి చూపించాడు: ఎగ్జాస్ట్ వాల్వు అంచు ఎలక కొరికిన అప్పడంలా కాలిపోయి ఉంది.

నలుగురు మోయాల్సిన పల్లకీ ముగ్గురు మోస్తుంటే, బోయీలందర్నీ మార్చెయ్యమంటున్నారు వీళ్లు!

వాల్వులు, అవి సరిగ్గా అతుక్కునేలా అరగదీసే ల్యాపింగ్, హెడ్ అడుగు చదును చేసే ఫేసింగ్, గ్యాస్కెట్, టైమింగ్ బెల్టు, ప్లగ్గులు, ఇంజెక్టర్ల క్లీనింగ్. అంతా కలిపి పద్నాలుగు వేలు. బండి మళ్లీ 2002కి వెళ్లిపోయింది. నా దృష్టిలో ట్యూనింగంటే ముందు ఇదీ. పొగని అడ్డులేకుండా వదిలే ఫ్రీఫ్లో సైలెన్సర్ పెట్టి ఎమ్వీపీ కాలనీ మొత్తాన్ని అర్ధరాత్రి లేపడం కాదు. గాలిని బలవంతంగా లోపలికి నెట్టే టర్బో లేని చిన్న ఇంజన్‌కి దాంతో పెరిగేది చప్పుడే.

ఇంకోటి, ఆ "ఎస్టీమ్‌ది ఉంది" అన్న ఇంజన్ ఎక్కడిది? ఎస్టీమ్ తయారీ 2007తోనే ఆగిపోయింది. అంటే అదీ నా బండి ఈడుదే, ఎవరి తుక్కులోంచో వచ్చింది. స్టాండు మీద రెండు నిమిషాలు తిప్పి చూపిస్తే మనం పొంగిపోవాలి. దాని కంప్రెషన్ ఎవడు చూశాడు?

విశాఖలో దీనికి తోడు ఉప్పుగాలి. పాతికేళ్లు సముద్రం పక్కన నిలబడ్డ బండి పైకి పెయింటుతో నవ్వుతుంది గానీ, అడుగున తుప్పు తన పని తాను చేసుకుపోతుంటుంది. మా మెకానిక్ డ్రైవర్ కాళ్ల కింద మ్యాట్ తీసి స్క్రూడ్రైవర్‌తో ఊరికే అలా పొడిచాడు, కిందకి దిగిపోయింది. ఇంజన్ మౌంటింగ్‌లు బిగించే రేకుదీ అదే వయసు. 60 గుర్రాలు లాగితేనే మూలిగే రేకుకి 85 కట్టమంటున్నారు. బావ బండికి మౌంటింగ్ దగ్గర వెల్డింగ్ రెండుసార్లు ఊడింది. పండగరోజు ఆ సంగతి మాత్రం ఎత్తడు.

బ్రేకుల సంగతి చెప్పక్కర్లేదు. 80లో వెళ్లే బండి 100లో వెళ్తే ఆపాల్సిన శక్తి పావొంతు కాదు, సగానికి పైనే పెరుగుతుంది. టైర్లేమో అవే సన్నటి 145లు.

కాగితాలకొద్దాం. పదిహేనేళ్లు దాటిన బండికి ప్రతి ఐదేళ్లకీ రిజిస్ట్రేషన్ రెన్యువల్. ఆర్సీలో ఇంజన్ నంబరు ఒకటి, బండిలో ఇంకొకటి ఉంటే అక్కడే ఇరుక్కుంటాం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఊరికే లేదు. కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అదే ఏడాది సవరణలో ఒక్కో మార్పుకి 5,000 జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రేపు యాక్సిడెంటయితే ఇన్సూరెన్సువాడికి ఇంతకంటే మంచి సాకు దొరుకుతుందా? రేసులకే వాడే బండంటారా, ట్రాక్ మీద మీ ఇష్టం. బ్రేకులు, క్లచ్, రేడియేటర్, వైరింగ్ అన్నీ కలిపి మార్చుకోండి, నేనూ చూడ్డానికొస్తాను.

డిసెంబర్లో అరకు వెళ్లాం, నలుగురం, సామాన్లతో. అనంతగిరి ఘాట్లో వెయ్యి మీటర్ల ఎత్తుకొచ్చేసరికి గాలి పల్చబడి టర్బో లేని ఏ ఇంజనైనా పదో వంతు బలం కోల్పోతుంది. అంటే నా 60 కాస్తా 54. రెండో గేర్లో, లారీల వెనకాల, ఏసీ వేసుకునే ఎక్కాం. టెంపరేచర్ ముల్లు సగం దాటలేదు. దిగేటప్పుడు అదే రెండో గేరు, బ్రేకు వాసన కూడా రాలేదు.

ఇప్పుడు డబ్బులు కూడబెడుతున్నది ఫ్లోర్ రేకు మార్పించడానికి. ఆ మాట చెబుదామని నిన్న బావకి ఫోన్ చేశాను. మొత్తం విని, "అయితే టర్బో పెట్టించరా" అన్నాడు.