సవరణ: 2005-06 సీరీ ఆ (ఇటలీ అగ్రశ్రేణి ఫుట్‌బాల్ లీగ్) టైటిల్ సంగతి

కాల్చోపోలీ (రిఫరీల ఎంపికపై క్లబ్బులు ఒత్తిడి తెచ్చాయన్న ఇటలీ ఫుట్‌బాల్ కుంభకోణం) గురించి నిన్న పెట్టిన పోస్టులో "యువెంటస్ నుంచి లాక్కున్న రెండు టైటిళ్లూ ఇంటర్ మిలాన్‌కి ఇచ్చేశారు" అని ఉంది. అది సరికాదు, ఇంటర్‌కి వచ్చింది ఒక్కటే.

2004-05 టైటిల్‌ని రద్దు చేశారు కానీ ఎవరికీ ఇవ్వలేదు, రికార్డుల్లో ఆ ఏడాది ఛాంపియన్ గడి ఇప్పటికీ ఖాళీయే. 2005-06లో మైదానంలో యువెంటస్ 91 పాయింట్లు, మిలాన్ (ఏసీ మిలాన్, ఇంటర్ వేరే క్లబ్బు) 88, ఇంటర్ 76. యువెంటస్‌ని అట్టడుగుకి నెట్టి సీరీ బీకి, అంటే రెండో శ్రేణి లీగ్‌కి పంపారు, అప్పీలు తర్వాత మిలాన్‌కి 30 పాయింట్లు కోసేసరికి 58 మిగిలాయి, అలా మూడో స్థానంలో ఉన్న ఇంటర్ పైకొచ్చింది, 2006 జులై 26న ఇటలీ ఫుట్‌బాల్ ఫెడరేషన్ కమిషనర్ గ్విడో రోస్సీ టైటిల్‌ని వాళ్లకి ప్రకటించాడు.

ఇంకోటి, కామెంట్లలో చాలామంది 30 పాయింట్ల కోతనీ తర్వాతి సీజన్ కోతనీ కలిపేస్తున్నారు. రెండూ వేరు. 2006-07ని మిలాన్ మైనస్ 8తో మొదలుపెట్టింది. 58 పాయింట్లతో కూడా మూడో స్థానం దక్కింది కాబట్టి ఛాంపియన్స్ లీగ్ (యూరప్ క్లబ్బుల టోర్నీ) క్వాలిఫయింగ్ ఆడే అవకాశం మిగిలింది, అదే జట్టు 2007 మేలో ఏథెన్స్‌లో లివర్‌పూల్‌ని 2-1తో ఓడించి కప్పు ఎత్తింది! ఈ ముక్క చెప్పకుండా ఆ సీజన్ కథ చెప్పడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది.

యువెంటస్ విషయంలో, 2006-07 సీరీ బీ సీజన్‌కి పాత పోస్టులో ఉన్న 17 పాయింట్ల కోతని తర్వాత 9కి తగ్గించారు, ఆ అంకె కూడా మార్చాను.