సవరణ: గుమస్తా తప్పేమీ రాయలేదు

మా అల్లుడి పూర్వీకుల గురించి రాస్తూ, వర్జీనియా కౌంటీ కోర్టు పుస్తకంలో ఒక వీలునామా రాసింది 1731 జూన్‌లో, కోర్టులో రుజువైంది 1731 ఫిబ్రవరిలో అని ఉందనీ, గుమస్తా నిద్రమత్తులో ఏడాది తప్పేశాడనీ అన్నాను. తప్పు నాదే. 1752కి ముందు ఇంగ్లండులోనూ, దాని అమెరికా వలసల్లోనూ కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, మన ఉగాదికి కాస్త అటూ ఇటూగా. ఆ లెక్కలో జూన్ తరవాతే ఫిబ్రవరి వస్తుంది, మనకది 1732. కొందరు గుమస్తాలు 1731/32 అని గీత పెట్టి రాసేవారు. ఈ మహానుభావుడు పెట్టలేదు. జార్జి వాషింగ్టన్ పుట్టినరోజూ ఇంతే: పాత లెక్కలో 1731 ఫిబ్రవరి 11, ఇప్పటి లెక్కలో 1732 ఫిబ్రవరి 22 (1752లో క్యాలెండరు మార్చినప్పుడు తేదీ కూడా పదకొండు రోజులు ముందుకు జరిగింది).

ఇంకొకటి. ఆ వీలునామా రాసినాయన పిల్లల్ని కోర్టు పుస్తకంలో ‘ఆర్ఫన్’ (అనాథ) అన్నారు కదా అని తల్లి కూడా పోయిందని రాసేశాను. ఆ కోర్టుల్లో తండ్రి పోతే చాలు, ఆ మాట వాడేవారు. ఆవిడ బతికే ఉంది, అదే పుస్తకంలో కొన్ని పేజీల తరవాత, రెండో భర్త ఇంటిపేరుతో కనిపిస్తుంది. వంశవృక్షంలో ఆవిడ పేరు కింద ‘మరణం 1731’ అన్నది కొట్టేశాను.